ఆ మనిషిది ఏ ఊరు? తెలుగు సినిమా దర్శకులకు, రచయితలకు, కాస్టింగ్ డైరెక్టర్లకు బహిరంగ లేఖ

అందరికీ నమస్కారం.

బస్సులో పక్క సీట్లో కూర్చున్న మనిషి టికెట్ తీసుకుని, సంచి ఒళ్లో సర్దుకుని, మనల్ని అడిగే మొదటి మాట "మీదే ఊరు?" అని. పేరు తర్వాత అడుగుతాడు, ఒక్కోసారి అసలు అడగడు. ఊరు తెలిస్తే చాలు, మిగతాదంతా అతనే అల్లుకుంటాడు. ఈ మధ్య మీ సినిమాలు చూస్తుంటే హీరో వెనక నిలబడ్డ బాబాయిని, హీరో ఎదురుగా నిలబడ్డ మంత్రిని నాకూ అదే అడగాలనిపిస్తోంది. అడిగినా వాళ్లు చెప్పలేరు. మీరు వాళ్లకు ఊరు ఇస్తేగా!

నేను హనుమకొండలో ఉంటాను. డిగ్రీ కాలేజీలో తెలుగు పాఠం చెప్పి రిటైరయ్యాను. ముప్ఫై ఏళ్లకు పైగా పరిషత్తు పోటీల్లో నాటకాలు వేశాను. ఎక్కువగా పక్క వేషాలే. హీరో తండ్రి, ఎస్సై, కరణం, ఒకసారి శవం. (శవం వేషానికి రిహార్సల్ ఎందుకనుకుంటారు. దోమ కుట్టినప్పుడు తెలుస్తుంది.) సినిమాతో నా సంబంధం టికెట్ కొనడం వరకే. ఆ హక్కుతోనే ఈ ఉత్తరం రాస్తున్నాను.

2025 జులై 13, ఆదివారం. పొద్దున్నే టీవీ పెడితే కోట శ్రీనివాసరావు గారు పోయారని వార్త. ఎనభై మూడో పుట్టినరోజు అయి మూడు రోజులే. ఆ రోజంతా అన్ని చానళ్లలోనూ ఆయన సీన్లు ఒకదాని వెంట ఒకటి వేశారు. మా ఇంట్లో టీవీ ముందు ముగ్గురం కూర్చున్నాం. ఒక గంటలో ఎంతమంది మనుషులు వచ్చి పోయారో లెక్క పెట్టలేకపోయాం. పిసినారి వచ్చాడు, మంత్రి వచ్చాడు, తాగుబోతు వచ్చాడు, కూతురి కోసం గడపలో నిలబడ్డ తండ్రి వచ్చాడు. ఒకడికి ఇంకొకడు చుట్టం కూడా కాదు. మధ్యమధ్యలో మీలో చాలామంది ఫోన్‌లో మాట్లాడారు. అందరూ ఒకటే మాట: "ఆ లోటు పూడ్చలేనిది."

పూడ్చలేరని నేననుకోను. ఆ పని ఎవరూ పెట్టుకోలేదనుకుంటాను. ఎందుకంటున్నానో చెబుతాను, కాస్త ఓపిక పట్టండి.

1985లో 'ప్రతిఘటన' వచ్చినప్పుడు నాకు ఇరవై ఏళ్లు. ఇంటికి దూరంగా, కోస్తా జిల్లాలో చదువుకుంటున్నాను. హాస్టల్ కుర్రాళ్లం ఆరుగురం సెకండ్ షోకి వెళ్లాం. టి.కృష్ణ గారి సినిమా, విజయశాంతి నటన అదిరిపోయిందని ఎవరో చెప్పారు. తెర మీదికి మంత్రి కాశయ్య వచ్చాడు. నోరు తెరిచాడు. నేను కుర్చీలో ముందుకు జరిగాను. అది మా మేనమామ మాట! అదే సాగదీత, అదే విరుపు, అదే 'తమ్మీ'. పక్కవాణ్ని గిల్లి అడిగాను, "ఈయనది మా దిక్కేనారా?" అని. వాడు నవ్వి, "మీ దిక్కు కాదు, మా దిక్కే. కంకిపాడు" అన్నాడు. నేను నమ్మలేదు. బెజవాడ పక్కన కంకిపాడులో పుట్టినాయన మా మేనమామ లాగా ఎట్లా మాట్లాడతాడు?

హాలంతా నవ్వింది, ఈలలు వేసింది. నేనూ నవ్వాను. మర్నాడు పొద్దున మెస్‌లో నా పేరు కాశయ్య. కూర ఇంకొంచెం వెయ్యమంటే "ఏం తమ్మీ?" అనేవారు. మొదటి వారం సరదాగానే ఉంది. నెల తిరిగేసరికి నేను మెస్‌లో మాట్లాడటం తగ్గించాను. ఉద్యోగం ఇంటర్వ్యూకి వెళ్లేముందు అద్దం ముందు నిలబడి 'వచ్చిన' అనకుండా 'వచ్చాను' అనడం ప్రాక్టీసు చేసుకున్నాను. ఇప్పుడీ ఉత్తరం రాస్తున్న భాష కూడా అప్పుడు నేర్చుకున్నదే.

ఆ కోపం కోట గారి మీద చాలా ఏళ్లు మోశాను. నాటకాల్లోకి వచ్చాక గానీ అది తప్పుడు చిరునామాకు వెళ్లిందని అర్థం కాలేదు. నటుడి పని ఆయన చేశారు. ఒక ప్రాంతం మాటను చెవిలో వేసుకుని, నాలుక మీదికి తెచ్చుకుని, పక్కనున్న కంకిపాడువాడు చెబితే తప్ప తెలియనంతగా పలికారు. తప్పు ఆ మాటను ఎప్పుడూ దొంగకూ, నౌకరుకూ మాత్రమే రాసిన చేతులది. ఆ రోజుల్లో సినిమాలో మంచివాడికి ఒక భాష ఉండేది, దొంగకు మా భాష ఉండేది. 1993లో 'గాయం'లో గురునారాయణ అయ్యారు, 1998లో 'గణేష్'లో ఆరోగ్య మంత్రి సాంబశివుడు అయ్యారు. మళ్లీ అదే యాస, మళ్లీ రాజకీయ నాయకులే. కానీ కాశయ్యను, గురునారాయణను, సాంబశివుణ్ని వరసగా పెట్టి, కళ్లు మూసుకుని వినండి. విడివిడిగా గుర్తుపడతారు. రాసినవాళ్లు ముగ్గురికీ ఒకే అచ్చు ఇచ్చినా ఆయన ముగ్గురు మనుషుల్ని పోశారు. ఇది నా ఫిర్యాదులోనే దాగున్న మెచ్చుకోలు. రెండూ కలిపే తీసుకోండి.

ఇంకో విషయం. కాశయ్య అయ్యేనాటికి ఆయనకు నలభై మూడేళ్లు. మొదటి సినిమా 'ప్రాణం ఖరీదు' నాటికి ముప్ఫై ఆరు. అది నాటకం నుంచి వచ్చిన సినిమా. ఆ నాటకం ఆడినవాళ్లను సినిమాలోకీ తీసుకున్నారు. అలా వచ్చారాయన. అప్పటికే ఏళ్ల తరబడి స్టేజి మీద ఉన్నారు, పగలు స్టేట్ బ్యాంకులో ఉద్యోగం. నాకో అనుమానం ఉంది: ఆయన నటనలో సగం ఆ బ్యాంకులోనే నేర్చుకుని ఉంటారు. డబ్బు తీసుకునేవాడు ఎట్లా నిలబడతాడు, అప్పు అడగడానికి వచ్చినవాడు ఎట్లా నిలబడతాడు, పాసుపుస్తకం చేతిలో పెట్టుకుని మేనేజరు గది బయట గంట సేపు కూర్చున్న రైతు చెప్పులు ఎక్కడ విడుస్తాడు. ఇవన్నీ రోజూ కళ్ల ముందు జరిగేవేగా.

ముప్ఫై ఆరేళ్లకు మొదటి వేషం, నలభై మూడేళ్లకు పేరు. ఇవాళ అలాంటి మనిషి మీ ఆఫీసుకు వస్తే ఏమవుతుంది? మాకు వచ్చే ఆడిషన్ ఫారాలు నేను చూస్తూనే ఉంటాను. ఎత్తు, బరువు, రంగు, ఇన్‌స్టాగ్రామ్‌లో ఎంతమంది ఫాలోయర్లు. ఒక ఫారంలో జిమ్‌కు వెళ్తారా అని కూడా ఉంది, తాత వేషానికి! ఏ యాసలు వచ్చు అన్న గడి మాత్రం ఇంతవరకు ఒక్క దాంట్లోనూ కనపడలేదు.

'అహ నా పెళ్లంట' గురించి రాయకుండా ముందుకు పోలేను. 1987, జంధ్యాల గారి సినిమా, ఆదివిష్ణు గారి 'సత్యంగారిల్లు' నవల ఆధారం. పీనాసి లక్ష్మీపతి కోడిని తాడుకు వేలాడగట్టి, దాన్నే చూస్తూ అన్నం తినే సీను తెలియని తెలుగువాడు ఉండడు. మా మనవడికి కూడా తెలుసు, వాడు ఫోన్‌లో మీమ్‌గా చూశాడు. ఈసారి శబ్దం తీసేసి చూడండి. కళ్లు కోడి మీదికి వెళతాయి, ముద్ద నోట్లోకి వెళుతుంది, నమిలేటప్పుడు ముఖంలో కోడికూర తిన్న తృప్తి. నవ్వించాలని ఒక్క కండరం కూడా కదలదు. మనం పగలబడి నవ్వుతాం, లక్ష్మీపతి మాత్రం భోజనం చేస్తుంటాడు. ఆ మనిషి లెక్క ప్రకారం అందులో నవ్వడానికేముంది? కోడి మిగిలింది, అన్నం అయిపోయింది, పొట్ట నిండింది.

మా రిహార్సల్స్‌లో కామెడీ వేషం వేసే కుర్రాళ్లకు నేను ఈ సీను చూపిస్తుంటాను. మూతి వంకర తిప్పకురా, ముందు నువ్వు నిజంగా పిసినారివి అవ్వు అంటాను. వాళ్లు సరే సార్ అని మళ్లీ మూతి తిప్పుతారు. అది వేరే సంగతి.

ఆ లక్ష్మీపతిని పదిహేడేళ్లకు, 2004లో, 'ఆ నలుగురు' కోటయ్య పక్కన పెట్టి చూడండి. ఇతనూ పిసినారే, వడ్డీలకు తిప్పేవాడే. పేరు మార్చి అదే వేషం మళ్లీ వేసేస్తే ఎవరూ ఏమీ అనేవాళ్లు కాదు. పైగా చప్పట్లు కొట్టేవాళ్లం. ఆయన అలా చెయ్యలేదు. లక్ష్మీపతికి డబ్బంటే ఆట, కోటయ్యకు డబ్బంటే బతుకు. నడకే వేరు. శవం ఉన్న ఇంట్లో ఆ మనిషి కళ్లలో నీళ్లు చూసి మా నాన్న "పాపం" అన్నారు. వడ్డీ వ్యాపారిని చూసి మా నాన్న పాపం అనడం నేను జీవితంలో అదొక్కసారే విన్నాను.

మిగతావన్నీ చెప్పుకుంటూ పోతే తెల్లారుతుంది. ఏడు వందల యాభైకి పైగా సినిమాలంటారు. బాబూమోహన్ గారితో 'మామగారు'లో మొదలై ఊళ్లకు ఊళ్లను నవ్వించిన జంట ఒకటి. 'హలో బ్రదర్'లో మల్లికార్జునరావు గారిని వెంటేసుకు తిరిగే ఎస్సై. 'ఇడియట్'లో పనికిమాలిన కొడుకును కన్న హెడ్ కానిస్టేబుల్. పోలీసు యూనిఫాం రెండింటికీ ఒకటే, కానీ ఆ ఎస్సై పొట్ట వేరు, ఈ కానిస్టేబుల్ భుజాలు వేరు. 'అతడు'లో బాజిరెడ్డి, 'బొమ్మరిల్లు'లో హాసిని నాన్న కనకారావు. ఆ సినిమా అంటే అందరూ ప్రకాష్ రాజ్ గారి నాన్న గురించే మాట్లాడతారు. కాలేజీ టూరని అబద్ధం చెప్పి వెళ్లిన కూతురి నాన్నను కూడా ఒకసారి చూడండి. మా వీధిలో అలాంటి నాన్నలు నలుగురున్నారు, నాతో కలిపి ఐదుగురు.

తొమ్మిది నందులు వచ్చాయి. విలన్ అని కొన్ని, క్యారెక్టర్ నటుడు అని కొన్ని. ఈయన్ని ఏ గూట్లో పెట్టాలో అవార్డుల కమిటీలకు ఎప్పటికీ తేలలేదన్నమాట. 2015లో పద్మశ్రీ. తెర మీద అన్నేళ్లు మంత్రి, ఎమ్మెల్యే వేషాలు వేసి, 1999లో నిజంగానే విజయవాడ తూర్పు నుంచి ఎమ్మెల్యే అయ్యారు. అసెంబ్లీలో ఆయన లేచి నిలబడ్డప్పుడు సాటి సభ్యులకు ఒక్క క్షణం కాశయ్య గుర్తొచ్చి ఉండదా అని నాకు ఇప్పటికీ నవ్వొస్తుంది.

ఇక అసలు విషయానికి వస్తాను. ఈ ఉత్తరం రాయించింది నిజానికి ఇదే.

మూడేళ్ల కిందటి మాట. మా నాటక సమాజంలో ఒకన్న ఉన్నాడు. బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. భూపాలపల్లి రూట్లో, ఏటూరునాగారం రూట్లో, జనగామ రూట్లో దశాబ్దాల పాటు టికెట్లు కొట్టాడు. ఎక్కినవాళ్లు నోరు తెరిచి ఊరి పేరు చెప్పేలోపే ఎక్కడి మనిషో చెప్పగలడు. పరకాల దాటితే మాట ఎక్కడ విరుగుతుందో ఆయనకు తెలుసు. స్టేజి ఎక్కాడంటే ముందు వరుసలో ఉన్న పిల్లలు కూడా అల్లరి ఆపుతారు.

ఒక పెద్ద సినిమా వాళ్లు సర్పంచ్ వేషానికి మనిషి కావాలన్నారు. కథ మా జిల్లాలోనే జరుగుతుందట. అన్న హైదరాబాద్ వెళ్లాడు. ఒక చిన్న గదిలో తెల్ల గోడ ముందు నిలబెట్టి, ఫోన్‌లో తీసుకున్నారు. రెండు పేజీల డైలాగు అప్పటికప్పుడు చదివి చెప్పాడు. "సూపర్ అన్నా, నువ్వే మా సర్పంచ్‌వి" అన్నారట. స్వీట్లు కొనుక్కుని వచ్చాడు. మాకు తలా ఒక మైసూర్‌పాక్. రెండు నెలలు ఫోన్ రాలేదు. తర్వాత వచ్చింది. "అన్నా, డబ్బింగ్‌కు రావాలి."

వెళితే తెర మీద సర్పంచ్‌గా వేరే రాష్ట్రం నుంచి తెచ్చిన నటుడు ఉన్నాడు. మంచి ఒడ్డూ పొడవూ, కొనదేలిన మీసం. పెదాలు కదులుతున్నాయి గానీ ఏం మాట్లాడుతున్నాడో తెలియడం లేదు. ఒకచోట అంకెలు లెక్కబెట్టినట్టు అనిపించిందట అన్నకు. ఆ పెదాలకు సరిపోయేటట్టు మా అన్న ఒకటిన్నర రోజు నిలబడి గొంతు ఇచ్చాడు. కవరులో డబ్బు పెట్టి ఇచ్చారు. సినిమా వచ్చాక మేమంతా వెళ్లాం. టైటిల్స్ చివరి అక్షరం దాకా కూర్చున్నాం, ఊడ్చేవాళ్లు వచ్చి లేపేదాకా. అన్న పేరు లేదు.

అందులో ఒక సీను. పంచాయితీకి వచ్చిన పెద్దమనుషులను సర్పంచ్ "కూసోండ్రి" అంటాడు. మాట అచ్చంగా మాది. కానీ అంటూనే ఆ నటుడు ఒక చెయ్యి గుండె మీద పెట్టుకుని నడుము కొంచెం వంచాడు. మా దిక్కు సర్పంచ్ ఎవడూ అలా వంగడు. మంచాన్ని కాలితో ఇట్లా జరిపి, భుజం మీది తువ్వాల తీసి దులిపి, అప్పుడంటాడు. మాట మాది, చెయ్యి మాది కాదు. హాల్లో ఎవరికీ తేడా తెలిసి ఉండదు. మాకు మాత్రం ఒకే మనిషిలో ఇద్దరు కనిపించారు. అన్న వాళ్ల మనవరాలు ఆ సినిమా టీవీలో వచ్చినప్పుడల్లా కళ్లు మూసుకుని వింటుంది. కళ్లు తెరిస్తే తాత పోతాడట.

అన్నకు కోపం లేదు. "పైసలిచ్చిండ్రు గద" అంటాడు. కోపం నాది.

బయటి నటులు రావద్దని నేను అనను. అలా అంటే నాకన్నా మూర్ఖుడు ఉండడు. ప్రకాష్ రాజ్ గారు కన్నడ దేశం నుంచే వచ్చారు. మన భాష నేర్చుకుని, సొంత గొంతుతో మాట్లాడి, మన నాన్నల్లో ఒక నాన్న అయ్యారు. కోట గారు మాత్రం బయటి నటులను తెచ్చుకోవడం మీద ఏళ్ల తరబడి బహిరంగంగానే కోప్పడ్డారు. అదే కోట గారు 2003లో తమిళంలో 'సామి'లో పెరుమాళ్ పిచ్చై అయ్యారు. అక్కడి లెక్కలో ఆయనే అరువు విలన్! తమిళ నటుడెవరో ఆ రోజు ఇంట్లో కూర్చుని నాలాగే ఉత్తరం రాసుకుని ఉండొచ్చు. అందుకని ఎక్కడివాడన్నది నా గొడవ కాదు. వచ్చినవాడు నేర్చుకుంటున్నాడా, నేర్చుకునే టైము మీరు ఇస్తున్నారా అన్నదే గొడవ. పక్క వేషానికి మీరిచ్చే డేట్లు నాలుగు రోజులు. అందులో ఒక రోజు విగ్గుకు, మీసానికి పోతుంది. కంకిపాడు మనిషి కాశయ్య కావడానికి వెనక ఎన్నేళ్ల స్టేజి ఉందో లెక్క చూడండి.

రాసేవాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. నటుడు దొరకడం లేదని మీరంటారు. అసలు వేషం దొరకాలి కదా! మీ స్క్రిప్టులో అమ్మ చేసే పని ఏమిటి? టిఫిన్ తినమంటుంది, పెళ్లి చేసుకోమంటుంది, మూడో సీన్లో ఏడుస్తుంది. 1962లో ఎన్టీఆర్, ఏఎన్నార్ ఇద్దరూ ఒకే సినిమాలో ఉంటే, విజయా వాళ్లు ఆ సినిమాకు పెట్టిన పేరు 'గుండమ్మ కథ'. ఇద్దరు మహా హీరోల మధ్య పేరు సూర్యకాంతం గారి వేషానిది! ఇవాళ అంత ధైర్యం ఎవరికుంది? అంతకుముందు 1955లో 'అర్ధాంగి'లో గుమ్మడి గారు తనకన్నా పెద్దవాడైన ఏఎన్నార్‌కు తండ్రి. ముప్ఫై ఏళ్లు కూడా నిండని కుర్రాడు జమీందారు ముసలితనాన్ని మోశాడు. వేషంలో మోయడానికి బరువు ఉంది కాబట్టి మోశాడు. బరువు లేని వేషానికి ఎవరైతే ఏం? అందుకే ఎత్తు, రంగు చూసి తీసుకుంటున్నారు.

చేతకాదని కూడా అనలేరు. మీలోనే కొందరు చేసి చూపించారు. 2018లో 'కేరాఫ్ కంచరపాలెం' తీసినాయన విశాఖపట్నంలో ఆ పేటలోని జనాన్నే కెమెరా ముందు నిలబెట్టారు. ఎవరి ముఖం మీదా మేకప్ వాసన లేదు. 2023లో 'బలగం' వచ్చినప్పుడు నేను మా హాస్టల్ మెస్‌ను తలుచుకుని ఏడ్చాను, నిజం చెబుతున్నాను. తెర నిండా మా మాట. కొమురయ్య తాతగా సుధాకర్ రెడ్డి గారు ఉన్నంతసేపూ ఒక ఊరు నడుస్తున్నట్టు ఉంది. అందులో మా మాట మాట్లాడే మంచివాళ్లు ఉన్నారు, మూర్ఖులున్నారు, అలిగిన అల్లుడు ఉన్నాడు, పట్టింపులకు పోయే అన్నదమ్ములున్నారు. మా మాట మొత్తానికి మనుషుల మాట అయింది. కాశయ్య నుంచి కొమురయ్య దాకా ముప్ఫై ఎనిమిదేళ్లు పట్టింది. చిన్న బడ్జెట్‌లో వీలైంది పెద్ద బడ్జెట్‌లో ఎందుకు వీలు కాదో మీరే చెప్పాలి. హీరో కారవాన్ అద్దెలో ఎంత భాగం అవుతుంది ఒక యాస నేర్పే మనిషిని పది రోజులు పెట్టుకుంటే?

2012లో 'కృష్ణం వందే జగద్గురుమ్' చూశారా? చూసే ఉంటారు, మీ క్రిష్ గారి సినిమానే. కోట గారికి అప్పుడు డెబ్బై. సురభి నాటక సమాజాన్ని నడిపే తాత సుబ్రహ్మణ్యం. మనవడు అమెరికా వెళ్తానంటాడు. నాటకం ఏమైపోతుందోనని ఆ తాత దిగులు. సురభి అంటే తెలుసుగా, కడప జిల్లాలో ఆ పేరున్న ఊళ్లోనే 1885లో 'కీచకవధ'తో మొదలై, ఇంటిల్లిపాదీ వేషాలు కట్టే కుటుంబాల వాళ్లు. ఆ తాత మాట్లాడుతుంటే నాకు నటన కనపడలేదు. స్టేజి మీద నుంచి సినిమాకు వెళ్లినాయన, సినిమాలో నుంచి స్టేజిని చూస్తున్నాడు అనిపించింది. అదే ఏడాది 'గబ్బర్ సింగ్'లో తాగుబోతు తండ్రిగా వేసి, పాట కూడా ఆయనే పాడారు. ఒకే సంవత్సరంలో అదీ, ఇదీ. ఈ రెండు వేషాలు రాసినవాళ్లకు మాత్రం నా నమస్కారం విడిగా.

ఇప్పుడు నేను అడిగేవి పెద్దవేం కావు. స్క్రిప్టులో ప్రతి పక్క పాత్ర పేరు పక్కన ఊరి పేరు రాయండి. అంతే, ఊరి పేరు. 'హీరో బాబాయ్, 50' అని కాకుండా 'నర్సంపేట, ఎరువుల దుకాణం, ఇద్దరు ఆడపిల్లలు' అని. తర్వాత ఎవరిని తీసుకోవాలో మీకే తోస్తుంది. గొంతు ఒకరిది, ముఖం ఒకరిది అయినప్పుడు గొంతు ఇచ్చినవాళ్ల పేరు టైటిల్స్‌లో వేయండి. ఒక లైను. డ్రోన్ ఎగరేసిన అబ్బాయి పేరు వేస్తున్నారు, అతనికి వేయాల్సిందే, మా అన్నకూ వేయండి. వయసు చూసి తలుపు వేయకండి. నలభై మూడేళ్లవాడు వచ్చినా కూర్చోబెట్టి ఒక పేజీ చదివించండి. ఇంకా ఓపికుంటే మైక్ ఇచ్చి, డైలాగు పేపరు పక్కన పెట్టి, వాళ్ల ఊరి సంత గురించి చెప్పమనండి. ఆ అయిదు నిమిషాల్లో మీకు కావల్సింది దొరుకుతుంది.

పరిషత్తు పోటీలు చూడటానికి రమ్మని మేం ఏటా చాలామందికి కార్డులు పంపుతాం. సినిమావాళ్లు ముఖ్య అతిథిగా వస్తారు, జ్యోతి వెలిగిస్తారు, శాలువా కప్పించుకుంటారు, మొదటి నాటకం తెర లేవకముందే షూటింగ్ ఉందని వెళ్లిపోతారు. ఈసారి మా ప్రదర్శన శనివారం. అన్నది ఊరి పెద్ద వేషం. తెర లేచేది ఏడు గంటలకని కార్డులో వేశాం గానీ, లైట్లు కట్టే అబ్బాయి ఎప్పుడూ ఆలస్యం చేస్తాడు, ఏడున్నరకు వస్తే సరిపోతుంది. శాలువా ఉండదు. వెనక వరుసలో, ఫ్యాను కింద రెండు కుర్చీలు ఆపి ఉంచుతాను. ఎవరొచ్చారని మేం మైకులో చెప్పం.

ఇట్లు
హనుమకొండ నుంచి ఒక పక్క వేషాల నటుడు